అవివాహితవాచకములు : బందరు, గుడివాడ, దివిసీమల వ్యవహారము

తెలుగున పెండ్లియైన స్త్రీకి పేర్ల కొదవ లేదు. ఆలు, పెండ్లాము, ఇల్లాలు, భార్య, ముత్తైదువ, పునిస్త్రీ, సువాసిని - ఒక్కొక్క పదమునకు ఒక్కొక్క ప్రయోజనము కలదు. పురుషునకును మగడు, పెనిమిటి, గృహస్థు, సంసారి, ఇంటివాడు అను మాటలున్నవి. పెండ్లి కాని స్త్రీని గాని పురుషుని గాని, వయసుతోను శీలముతోను నిమిత్తము లేకుండ, ఆ ఒక్క యర్థమున మాత్రమే చెప్పు అచ్చతెనుగు పదము మాకు కనబడలేదు. ఉన్నవన్నియు మరియొక యర్థమును వెంట దెచ్చునవే. కన్య యన్న వయసు వచ్చును. బ్రహ్మచారి యన్న నియమము వచ్చును. ఒంటరి యన్న దిక్కులేనితనము వచ్చును. మిగిలినది 'పెండ్లి కాని' అను వ్యతిరేక విశేషణ మొక్కటే. అది పదము కాదు, పదబంధము. అయినను వ్యవహారమున బరువంతయు దానిమీదనే పడినది.

ఈ వ్యాసమున మేము బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల వాడుకను ముఖ్యముగ దీసికొంటిమి. బందరున న్యాయస్థానములు, కళాశాలలు, ముద్రణాలయములు చిరకాలముగ నుండుటచే అక్కడి మాటలో సంస్కృతసమములు సులభముగ దొరలును. గుడివాడ చుట్టుపట్టులు వరిసీమ. సంబంధము మాటలాడునపుడు ఎకరముల లెక్కయు వెంబడించును. పులిగడ్డ యొద్ద కృష్ణ పాయలుగ జీలి సముద్రమున గలియు మేర నడుమ నిలిచినది దివిసీమ. అందు సేద్యగాండ్రును మత్స్యకారులును ఇరుగు పొరుగులు. ఇంత దగ్గర సీమలలో మూడు మాండలికములున్నవని చెప్పుట మా యుద్దేశము కాదు. ఎవరు ఎవరితో, ఏ సందర్భమున, ఏ కాగితముమీద అన్నారో దానినిబట్టి మాట మారుచున్నది. ఆ మార్పు ఇక్కడ పరిశీల్యము. మాటలోని తేడా మాటతో పోలేదనియు, దానివలన పొలము వచ్చినవారును రానివారును కలరనియు ముందు చూడగలము.

మొదట క్రియను విచారింతము. 'ఆయనకు పెండ్లి కాలేదు', 'ఆ పిల్లకు పెండ్లి చేయలేదు', 'ఆయన పెండ్లి చేసికొనలేదు' - ఈ మూడు వాక్యములును ఒకే విషయమును దెలుపును. ముగ్గురు కర్తలను జూపును. మొదటి వాక్యమున కర్త పెండ్లియే. మనిషి 'కు' విభక్తిలో నిలిచి దానికై వేచియున్నవాడు. వాన కురియలేదు, పంట పండలేదు అన్నట్లే అది కాలేదు. తప్పు ఎవరిదియు గాదు. రెండవదానిలో కర్త కనబడకున్నను ఉన్నాడు. తండ్రియో అన్నయో మేనమామయో చేయవలసిన పని చేయలేదని యర్థము. మూడవదానిలో ఆత్మార్థకమైన 'కొను' చేరి మనిషినే కర్తగ నిలిపినది. ఇష్టమో, పట్టుదలయో, కనీసము నిర్లక్ష్యమో అతనిదే యగును.

ఈ ప్రాంతమున 'లేదు' అనునది నిత్యవ్యవహారమున 'లా' యగును. 'కాలా', 'చెయ్యలా', 'చేసుకోలా' అని వినబడును. ఆడుపిల్లనుగూర్చి మొదట 'కాలా' యందురు. ఏండ్లు గడచినకొలది 'చెయ్యలా' యని మాట తండ్రిమీదికి మరలును. 'చేసుకోలా' యను మాట స్త్రీకి వాడునపుడు వక్త కొంచెము ఆగి పలుకుట మేము పలుమారులు గమనించితిమి. ఆ ఆగుటలో ఒక్కొక్కప్పుడు గౌరవ ముండును, ఒక్కొక్కప్పుడు ఆక్షేపణ. మగవాని విషయమున ఆ తడబాటు లేదు. ముప్పదియైదేండ్లు దాటెనో లేదో 'చేసుకోలా' యని తేల్చివేయుదురు. మా విద్యార్థి యొకడు దివిసీమలో ఒక వృద్ధుని, 'మీరు పెళ్ళి చేసుకోలేదా తాతగారూ?' అని యడుగగా, ఆయన, 'చేసుకోకపోవటమేంటి బాబూ, కాలా' అని దిద్దెను. ఆ వృద్ధునకు చదువు లేదు. ప్రశ్నలోని యభియోగమును వ్యాకరణముతోనే త్రోసివేసెను. 'కల్యాణమొచ్చినా కక్కొచ్చినా ఆగదు' అను సామెతయు ఈ వ్యాకరణమునకు సాక్షియే. రెండును వచ్చునవి, తెచ్చుకొనునవి కావు.

'ఇంకా' యను అవ్యయమును విడువరాదు. 'ఇంకా కాలా' యన్నంతవరకు ఆశ మిగిలియున్నది. ఒక వయసు దాటిన పిమ్మట ఎవరును చెప్పకయే 'ఇంకా' రాలిపోవును. ఆ రాలిన దినమునుండి మనిషి సంఘదృష్టిలో మరియొక వర్గమున చేరును. అది ఏ వయసో అడిగిన చెప్పగలవారు లేరు గాని, వాడుకలో పొరబడువారును లేరు.

మరియొక విశేషము. 'పెండ్లి అయినది' అనునది మరలిరాని క్రియ. భర్త పోయినను, విడాకులైనను, పెండ్లి మరునాడే పుట్టింటికి వచ్చివేసినను, ఆమెను 'పెండ్లి కానిది' అనుటకు తెలుగు ఒప్పుకొనదు. అంతకుమున్నున్న స్థితికి పోవుటకు భాషలో త్రోవ లేదు.

ఇక వ్యుత్పత్తి. 'పెండిలి', 'పెండ్లి', 'పెండ్లాము', 'పెంటి' అనువాని మూలము ఆడుదని తెలుపు 'పెణ్' అను ద్రావిడధాతువు. తమిళ కన్నడములలోని 'పెణ్', 'పెణ్ణు' లతో దీనికి చుట్టరికము. కావున పెండ్లి యనగా మూలార్థమున ఆడుదానిని పొందుట. సంస్కృతమున వివాహము, ఉద్వాహము అనునవి 'వహ్' ధాతువునుండి పుట్టినవి. మోసికొనిపోవుట అని యర్థము. మోసికొనిపోబడినది ఊఢ, క్రొత్తగ గొనిపోబడినది నవోఢ, అట్లు గొనిపోబడనిది అనూఢ. మూలమున ఈ మాటలు స్త్రీకే సరిపడును. అయినను అమరకోశము పరివేత్త యను పదమును వివరించుచు పెండ్లి కాని యన్నను 'అనూఢు' డనియే పేర్కొన్నది. అన్నకు కాకుండ పెండ్లియాడిన తమ్ముడు పరివేత్త; వెనుకబడిన యన్న పరివిత్తి. తెలుగు పల్లెలలో ఈ పదములు లేవు, భావము పదిలముగ నున్నది. 'పెద్దవాడికి కాకుండా చిన్నవాడికి ఎలా చేస్తాం?' అను మాట ఈనాటికిని వినుచున్నాము. ఒకే యింట అక్క పెండ్లి కాలేదని చెల్లెలు ఐదారేండ్లు నిలిచిపోవుట గలదు. సంస్కృతము ఒక్క పదముతో చెప్పినదానిని తెలుగు ఒక ప్రశ్నతో చెప్పుచున్నది.

కన్యాశబ్దము అన్నింటిలోను రసవత్తరమైనది. అమరుడు కన్యా కుమారీశబ్దములను పర్యాయములుగ నొకచోట జెప్పి, రజస్వల కాని బాలికకు గౌరి, నగ్నిక యను పేర్లు వేరుగ నిచ్చెను. కావున కన్యకు రజోదర్శనముతో సంబంధము లేదు. పెండ్లి కాకుండుటయే ప్రధానము. పరాశరాదిస్మృతుల ననుసరించినవారు ఎనిమిదేండ్లది గౌరి, తొమ్మిదేండ్లది రోహిణి, పదేండ్లది కన్య, ఆపైది రజస్వల యని లెక్క గట్టిరి. ఈ లెక్కలో కన్యాత్వము ఒక్క సంవత్సరపు ముచ్చట. శాస్త్రము ఒకవైపున విశాలార్థమును, వేరొకవైపున ఈ ఇరుకు కొలతను ఇచ్చుటచే వాడుక తికమక పడినది.

నేడు చాలమంది కన్యాశబ్దమునకు పురుషసంపర్క మెరుగనిది యని మాత్రమే యర్థము చెప్పుదురు. అది పూర్ణార్థము కాదనుటకు కానీనశబ్దమే ప్రమాణము. కన్యకు పుట్టినవాడు కానీనుడు. పాణిని 4-1-116వ సూత్రమున ఈ రూపమును సాధించెను. వ్యాసుడు కానీనుడు, కర్ణుడు కానీనుడు. కన్యకు అక్షతయోని యనియే యర్థమైనచో కానీనుడను పదమే పుట్టరాదు. కన్య యనగా అపరిణీత యన్నప్పుడే అది సార్థకము. భారతకథలో సత్యవతికిని కుంతికిని కన్యాత్వము చెడకుండునట్లు వరములీయబడినవి గదా యని ఎవరైన అడుగవచ్చును. వరమడుగవలసి వచ్చినదన్నచో ఆ రెండవ యర్థము అప్పటికే మొదటిదానిని ఒత్తుచున్నదన్నమాట. రెండర్థముల పెనగులాట అంత ప్రాచీనము.

అలంకారశాస్త్రము ఈ పదమునకు మూడవ స్థానము నిచ్చినది. స్వీయ, పరకీయ, సామాన్య యని నాయికలను విభజించి, పరకీయను మరల పరోఢ, కన్యక యని రెండు విధములుగ జెప్పిరి. పెండ్లి కాని పిల్ల పరకీయ యెట్లగును? తండ్రి యధీనమున నుండుటచేత. భర్త లేకున్నను ఆమె పరులదే! క్షేత్రయ్య పుట్టిన మొవ్వయు, భామాకలాపమునకు నెలవైన కూచిపూడియు ఈ సీమలోనివే గాన, మా ప్రాంతపు విద్యార్థులు ఈ విభాగమును పదముల చెంతనే నేర్తురు. వారిలో ఒక బాలిక తరగతిలో లేచి, 'అయితే ఏ వయసుకు ఆమె తనదవుతుందండీ?' అని యడిగినది. లక్షణగ్రంథములలో దానికి సమాధానము మేము చూపలేకపోతిమి.

కన్యకు తద్భవముగ జెప్పబడు 'కన్నె' తెలుగున వేరుదారి పట్టినది. కన్నెపిల్ల, కన్నెవయసు అనునవి వినసొంపైనవి. అట్లతద్దినాడు తెల్లవారకమున్నే లేచి అన్నము దిని ఉయ్యెలలూగువారు, సంక్రాంతికి గొబ్బెమ్మలచుట్టు తిరుగువారు కన్నెపిల్లలే. మరి 'కన్నెచెర' యను మాటయు మనకున్నది. పెండ్లి చేయుట కన్నెచెర విడిపించుట. పెండ్లి కాకుండుట చెర యనియు, మగడు వచ్చి విడిపించుననియు భావము. ఆ విడుదల తరువాతి యింటికి చెర యను పేరు పెట్టవలెనని భాషకు తోచలేదు. ఇక నేడు కార్తిక మార్గశిరమాసములలో బందరు వీధులలో నల్లబట్టలు దాల్చిన అయ్యప్పభక్తులలో తొలిసారి మాల వేసినవానిని 'కన్నెస్వామి' యందురు. ఇద్దరు బిడ్డల తండ్రియు కన్నెస్వామి కావచ్చును. ఇక్కడ కన్నెకు తొలి యను నర్థమే మిగిలినది.

కుమారీశబ్దపు చరిత్ర ఇంతకంటె విచిత్రము. కుమారు డన్న తెలుగున కొడుకు. కుమారి యన్న పెండ్లి కానిది. జంటపదములలో ఒకటి బంధువాచకమును, రెండవది వైవాహికస్థితివాచకమును అయినవి. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడు కుమారస్వామి. పెండ్లి యాలస్యమగుచున్నదని మ్రొక్కుకొన వచ్చువారు ఆ కుమారునకే మ్రొక్కుదురు. ఆయన కుమారత్వమునకు పెండ్లి కాకుండుటతో ముడి లేదని వారి మ్రొక్కే చెప్పుచున్నది. ఆంగ్లేయుల కాలమున స్త్రీల పేర్లకు ముందు వైవాహికస్థితిని దెలుపు బిరుదు చేర్చు అలవాటు మనకు సంక్రమింపగా, పెండ్లియైనదానికి శ్రీమతి, కానిదానికి కుమారి యని స్థిరపడెను. పురుషునకు పెండ్లికి ముందును తరువాతను 'శ్రీ' యొక్కటే.

ఈ బిరుదు మూలమున గలుగు ఇబ్బంది యెట్టిదో ఒక ఉదాహరణముతో జెప్పుదుము. బందరున చాలకాలము పాఠములు చెప్పి విశ్రాంతి గొన్న ఒక ఉపాధ్యాయినికి పూర్వవిద్యార్థులు సన్మానము తలపెట్టిరి. ఆమె యవివాహిత, వయసు డెబ్బదికి పైబడినది. ఆహ్వానపత్రమున 'కుమారి' యని వేసిన పరిహాసముగ నుండునని ఒకరు, 'శ్రీమతి' యని వేసిన అసత్యమగునని మరొకరు వాదించిరి. తుదకు ఆమెనే యడిగిరి. 'నన్ను ముప్పయ్యేళ్ళు పంతులమ్మ అన్నారు, ఇప్పుడెందుకీ సందేహం? పేరు రాసి పక్కన గారు పెట్టండి' అని యామె చెప్పెను. తెలుగున 'గారు' పెండ్లినిగూర్చి యడుగదు, పంతులమ్మయు నడుగదు. ఉన్న సదుపాయమును వదలి అరువు సొమ్ముతో ఇరుకున బడితిమి.

శుభలేఖలోని వాడుక దీనికి ఎదురుగ నుండును. వరుని పేరుకు ముందు 'చి.', వధువు పేరుకు ముందు 'చి.ల.సౌ.' అని ముద్రింతురు. చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి యని దాని విప్పు. సౌభాగ్యము భర్త యుండుటచే గలుగునది, అతడింకను రాలేదు. ముహూర్తమునకు మున్నే యచ్చైన కాగితముమీద ఆమె సౌభాగ్యవతి యైనది. అతడు మాత్రము పీటలమీద కూర్చుండువరకును చిరంజీవియే.

వార్తాపత్రికల భాషలో మరియొక విభాగమేర్పడినది. 'వివాహిత' యను విశేషణము నామవాచకమై, 'వివాహిత అదృశ్యం' అను శీర్షికలు నిత్యమును కనబడును. 'వివాహితుడు అదృశ్యం' అనునది మా కంట బడలేదు. పెండ్లి కాని స్త్రీ ఆ శీర్షికలలో 'అవివాహిత' కాదు, 'యువతి' యగును. ఇరువదిరెండేండ్ల యామె వివాహిత, ఇరువదియెనిమిదేండ్ల యామె యువతి! యౌవనము వయసుచే గాక మంగళసూత్రముచే ముగియుచున్నదని దీనివలన దేలుచున్నది. అవివాహిత యను పదము దరఖాస్తులకును జనాభా లెక్కలకును మిగిలినది.

పురుషవాచకములలో బ్రహ్మచారిదే యగ్రస్థానము. ఇది మొదట ఆశ్రమవాచకము. చదువు ముగించి గృహస్థు కాబోవువాడు ఉపకుర్వాణుడు, జీవితాంతము గురుకులమున నిలుచువాడు నైష్ఠికుడు. అనగా ఉపకుర్వాణబ్రహ్మచారి పెండ్లి కాబోవువాడే. వివాహమునకు ముందు స్నాతకము జరిపించుట, గొడుగు పావుకోళ్ళతో వరుడు కాశీయాత్రకు బయలుదేరగా బావమరది బెల్లము నోట బెట్టి వెనుకకు పిలుచుట ఆ యాశ్రమము ముగింపునకు గుర్తులు. వేదాధ్యయనము పోయి, ఆశ్రమములు పోయి, నేడు బ్రహ్మచారి యన్న కేవలము పెండ్లి కానివాడు. స్త్రీకి బ్రహ్మచారిణి యనుట వ్యాకరణసాధువే యైనను, ఆ పేరు నవదుర్గలలో రెండవ యామెకును ఆశ్రమవాసినులకును చెందినదిగాని, బందరు బడిపంతులమ్మకు చెందలేదు.

హాస్యమునకు 'ఘోటకబ్రహ్మచారి' యున్నాడు. ఘోటకము గుఱ్ఱము. ఆడుగుఱ్ఱము దొరకక నియమమున నున్న గుఱ్ఱమువంటివాడని మూలార్థము. అనగా అనుకూలము లేక ఊరకున్నవాడు. తెలుగున ఈ సూక్ష్మము చెడి, ఎంతకును పెండ్లి చేసికొననని భీష్మించినవానికిని ఘోటకబ్రహ్మచారి యనుచున్నారు. అర్థము తలక్రిందైనది. ఇది పండితుల పరిహాసమైన, జనుల పరిహాసము బెండకాయతోనిది. ముదిరిన బెండకాయయు ముదిరిన బ్రహ్మచారియు పనికిరావను సామెత యెరుగని తెలుగువాడుండడు. దానినుండి 'ముదురు బెండకాయ' యను మారుపేరే పుట్టినది. ఇల్లు వాకిలి సంసారము లేనివానిని 'ఒంటికాయ సొంటికొమ్ము' అనుటయు గలదు. 2004లో వచ్చిన 'మల్లీశ్వరి' చలనచిత్రమున నాయకునకు పెట్టిన 'పెళ్ళికాని ప్రసాద్' అను పేరు పాత్రను దాటి సామాన్యవాచకమైనది. పత్రికలు 'పెళ్ళికాని ప్రసాదులు' అని బహువచనమున వాడుచున్నవి. ఒక భాష క్రొత్త పదమును గడించుట కండ్లార జూచు భాగ్యము అరుదు.

అద్దెయిండ్ల వ్యవహారమున 'బ్యాచిలర్' అను ఆంగ్లపదము తెలుగై మరియొక యర్థమును గడించినది. బందరులో ఉద్యోగము చేయుచు భార్యాబిడ్డలను స్వగ్రామమున నుంచి వచ్చినవాడును ఇంటి యజమాని దృష్టిలో బ్యాచిలరే. 'ఫ్యామిలీలకు మాత్రమే' యన్న పలకమీది ఫ్యామిలీ యనగా గృహిణి. గృహిణియే గృహమన్న పాత మాట ఈ పలకమీద మరల బ్రతికినది.

సూటిగ జెప్పక చుట్టు తిరిగి చెప్పు మాటలు ఈ సీమలో మిక్కుటము. 'పప్పన్నం ఎప్పుడు పెడతావు?' అని యువకుని ప్రశ్నింతురు. 'ఒక ఇంటివాడయ్యాడు' అన్న పెండ్లియైనదని యర్థము. స్త్రీకి 'ఓ అయ్య చేతిలో పెట్టాలి' యందురు. అతడు అగును, ఆమె పెట్టబడును. పిల్లకు పెండ్లియైనదా యని యడిగిన గుడివాడ వైపు గృహస్థు కాలేదని చెప్పడు. 'సంబంధాలు చూస్తున్నాం' అనును, లేదా 'చదువుకుంటోంది' అనును. ఈ రెండవ సమాధానము వెనుక ఎన్ని పట్టములు చేరినవో విశ్వవిద్యాలయములవారి కెరుకయే. పరిశోధనకై చేరిన బాలికలలో కొందరు ఆ సమాధానమును నిలిపియుంచుటకే చేరిరేమో యని మాకు తోచును. వారి పరిశోధన అందువలన తీసిపోయినదని మేమనము. ఇక 'గుండెల మీద కుంపటి' యన్నది పెండ్లికెదిగిన కూతురికి తండ్రియిచ్చు పేరు. పిల్ల వినుచుండగనే ఈ మాటను బంధువులతో ననుట మేమెరుగుదుము. కుంపటి వేడి తండ్రిగుండెకని సామ్యము. కుంపటికి తన వేడి యెట్లుండునో సామ్యము చెప్పదు.

గౌరి, రోహిణి యను వయోవాచకములు పోవుటకు శాసనమే కారణము. 1929లో ఆమోదింపబడి 1930 ఏప్రిల్ 1 నుండి అమలైన బాల్యవివాహనిరోధక చట్టము - జనవ్యవహారమున శారదా చట్టము - వధువునకు 14, వరునకు 18 ఏండ్లు కనీసవయసుగ విధించెను. 1949లో వధువు వయసు 15 అయినది. 1978 సవరణతో అవి 18, 21 అయినవి. ఎనిమిదేండ్ల పిల్ల పెండ్లి కానిదగుట సహజమైన పిమ్మట ఆమెకు ప్రత్యేకనామ మక్కరలేకపోయినది.

అన్నిటికంటె ఈ సీమను తాకినది వారసత్వ శాసనము. హిందూ వారసత్వ చట్టమునకు ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించునట్లు, ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానముగ హక్కు నిచ్చెను. నాటి ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావు గుడివాడకు సమీపమున నిమ్మకూరున జన్మించినవారు. 1983, 1985 ఎన్నికలలో గుడివాడనుండి గెలిచినవారు. ఆ శాసనములో ఒక మినహాయింపు కలదు: ఆ తేదీకి ముందే పెండ్లియైన కూతురికి ఈ హక్కు లేదు. ఒక తండ్రికి ఇద్దరు కూతుళ్ళనుకొందము. పెద్దదానికి 1985 మే నెలలో పెండ్లియైనది; చిన్నదానికి మరుసటి మాఘమాసమున. కాలువక్రింది పొలము అన్నదమ్ములతోబాటు చిన్నదానికి వచ్చును, పెద్దదానికి రాదు. పెద్దది 1984లో పెండ్లియై అదే యేట విధవయై పుట్టింట నున్నను రాదు. 'అయినది' అనునది మరలిరాని క్రియ యని పైన మేము చెప్పిన వ్యాకరణము ఇక్కడ చట్టమైనది.

ఇట్టి వ్యాజ్యములలో శుభలేఖ సాక్ష్యపత్రమగును. 'చి.ల.సౌ.' క్రింద అచ్చైన తేదీ కన్నెచెర విడిన దినమును గాక వాటా పోయిన దినమును జెప్పును. ఒక తండ్రి ఆ తేదీకి ముందు తొందరపడి పెండ్లి చేసినందుకు కూతురు నష్టపోయినది. సంబంధము కుదరక ఆలస్యమైన కూతురు లాభపడినది. కుంపటి యనబడినదే పొలమునకు హక్కుదారయ్యెను. 2005 సెప్టెంబరు 9 నుండి అమలైన కేంద్ర సవరణ పెండ్లియైన, కాని కూతుళ్ళన్న భేదమును తీసివేసెను. ఆ తేదీనాటికి తండ్రి జీవించియుండ నవసరము లేదని 2020 ఆగస్టు 11న సుప్రీము కోర్టు తేల్చినది. నడుమ గడచిన ఇరువది సంవత్సరములలో పంపకములై రిజిస్టరైన పొలములు మాత్రము చాలవరకు అట్లే యున్నవి.

ప్రభుత్వపత్రములలో ఇటీవల చేరిన పదము 'ఒంటరి మహిళ'. 2017లో తెలంగాణ రాష్ట్రము ఒంటరి మహిళలకు పింఛను నేర్పరచుచు, భర్తనుండి విడివడినవారితోబాటు పెండ్లి కానివారిని గూడ అందు చేర్చి, గ్రామములలో 30, పట్టణములలో 35 ఏండ్లు దాటవలెనని నియమించెను. ఆంధ్రప్రదేశ్ పింఛనుల పట్టికలోను ఒంటరి మహిళ యను పద్దు కలదు. 'ఇంకా' యను అవ్యయము ఏ వయసున రాలునో చెప్పగలవారు లేరంటిమి. ప్రభుత్వము చెప్పినది, గ్రామమున కొకటి, పట్టణమున కొకటిగ.

ఈ పదము మంచిదేనా? పెండ్లి కానిదియు, విడిచిపెట్టబడినదియు ఒకే మాటక్రింద వచ్చుట లెక్కకు సులువు. కాని ఒంటరి యన్న మాటకు తెలుగున ఎవరును లేని వ్యక్తి యని యర్థము. దివిసీమలో ముదుసళ్ళు 'ఒంటిగా మిగిలినవాళ్ళు' అన్నచో 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఇంటిల్లిపాదిని పోగొట్టుకొన్నవారని గ్రహింపవలెను. నాగాయలంకలో తల్లితోను, తమ్ముని సంసారముతోను గలసియున్న ఒక అవివాహిత, ఆ దరఖాస్తు మా విద్యార్థులకు జూపి, 'ఇంట్లో ఆరుగురం ఉన్నాం. ఒంటరినని ఎట్టా సంతకం పెట్టను?' అన్నది. పింఛను కావలెను, మాట వలదు. ఆమె యాక్షేపణ నిఘంటుకారుడు చేయదగినది. 'పెండ్లి కాని మహిళ' యని పద్దు పేరు మార్చిన నష్టమేమియు గనబడదు.

ఇంతవరకు చెప్పినది చాలవరకు స్త్రీవిషయము. ఈ పదునైదిరువది యేండ్లలో మాట మగవాని వైపు మొగ్గుచున్నది. గుడివాడ, పామర్రు, అవనిగడ్డల చుట్టు ఊరిలోనే యుండి పొలము చేయు యువకునకు పిల్లనిచ్చుటకు వెనుదీయువారు హెచ్చిరి. పట్టణపుటుద్యోగము, విదేశము కావలెనను పట్టు ఆడుపిల్లల వారిలో బలపడినది. దానితో వాడుకలో మేము గమనించిన మార్పు చిన్నదే గాని గణ్యమైనది. 'మావాడు ఇంకా చేసుకోలా' యని ధీమాగ ననువారు ఇపుడు 'మావాడికి కావట్లేదు' అనుచున్నారు. 'కాలా' యనునది జరిగిపోయిన కాలమునుగూర్చిన మాట. 'కావట్లేదు' ప్రయత్నము చేయుచు చేయుచు విఫలమగుచున్న వర్తమానము. కర్తృత్వము మగవాని చేతినుండి జారి, అతడును 'కు' విభక్తిలోనికి వచ్చి నిలిచెను. ఆడువారికి కన్నెచెర యున్నట్లు మగవారికి ఏ చెర యనవలెనో యింకను పుట్టలేదు. 'ఎదురుకట్నం' అను మాట మరల వినబడుచున్నది. కొన్ని కులములలో వెనుక నుండిన 'ఓలి' యను పదమును పెద్దలు జ్ఞాపకము చేసికొనుచున్నారు. గత సంక్రాంతికి పామర్రు దారిలో బస్సునందు మా ముందు కూర్చున్న ఒక తల్లి, ముప్పదిమూడేండ్ల కొడుకునుగూర్చి ప్రక్కనామెతో జెప్పుచు, 'ఎనిమిదెకరాలున్నాయి, ఏ అలవాటూ లేదు, గుండెల మీద కుంపటిలా ఉన్నాడమ్మా' అన్నది.